గోదావరి డెల్టాలో బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం, పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల నేను తీసిన ఫోటోలు చూసినవాళ్ళూ, పాత ఆల్బమ్‌లు సంచిలో పెట్టుకుని మా ఇంటికి వచ్చేవాళ్ళూ, కొత్తగా కెమెరా కొనుక్కున్న కాలేజీ పిల్లలూ అడిగే ప్రశ్నలివి. కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబు చెప్పొచ్చు. కొన్నిటికి కుదరదు, కాస్త ఓపిగ్గా చదవండి.

కోనసీమ అంటేనే పచ్చదనం కదండీ, అది తీసేస్తే ఇంకేం మిగులుతుంది?

వెలుగు మిగులుతుంది. నలుపు తెలుపు మీద నా మక్కువంతా దానికోసమే.

మన దగ్గర పచ్చదనం ఎంత దట్టమంటే చూపు అక్కడే ఆగిపోతుంది. జొన్నాడ వంతెన దాటి రావులపాలెంలో దిగి అమలాపురం రోడ్డు పట్టుకుంటే కొబ్బరి, అరటి, వరి, గట్టు మీద గడ్డి అన్నీ కలిసిపోయి ఒకటే ఆకుపచ్చగా కంటికి తగులుతాయి. "అబ్బ, ఎంత పచ్చగా ఉందో" అనుకుని ఫోటో తీస్తాం. ఇంటికెళ్ళి చూస్తే ఏ ఫోటో ఎక్కడిదో మనకే తెలీదు.

రంగు పక్కనపెట్టి అదే తోటని చూడండి. కొబ్బరాకు నున్నగా ఉంటుంది. పైనుంచి ఆకాశం వెలుగు పడితే ఆకు అంచంతా తళుక్కుమంటుంది, పక్క ఆకు నీడలో నల్లగా ఉండిపోతుంది. అరటాకు పల్చన. ఎండ వెనకనుంచి వస్తే ఆకంతా లోపల్నుంచి వెలిగి, ఈనెలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకునేలా కనిపిస్తాయి. గాలికి చిరిగిన చోట చీలికల మధ్యనుంచి నీడలు కింది ఆకు మీద పడతాయి. వరిచేనుకి ఆ మెరుపు లేదు, మెత్తటి బూడిదరంగులో గాలి ఎటు వీస్తోందో చూపిస్తుంది. ఇవన్నీ రంగు ఫోటోలోనూ ఉంటాయి. కాకపోతే ఆకుపచ్చ ముందుకొచ్చి నిలబడితే ఇవి వెనక్కి పోతాయి.

గోదారి కూడా అంతే. వరద రోజుల్లో ఎర్రనీళ్ళు దిగాక రంగు ఫోటోలో నది మొత్తం ఒకటే మట్టిరంగు. సఖినేటిపల్లి రేవులో నిలబడి నరసాపురం నుంచి వచ్చే పంటుని నలుపు తెలుపులో తీస్తే సుడులు వేరుగా, పంటు వెనక లేచే అల వేరుగా, ఏటిగాలికి నీటి మీద పాకే ముడతలు వేరుగా కనబడతాయి. నీరు ఎంత వేగంగా పోతోందో అప్పుడు తెలుస్తుంది.

అలాగని రంగు తీసేసిన ప్రతి ఫోటో బాగుంటుందని కాదు. మిట్టమధ్యాహ్నం తీసిన పచ్చటి చేనుని బ్లాక్ అండ్ వైట్ చేస్తే బూడిద తప్ప ఏమీ రాదు. ఒకసారి ఓ రైతుగారికి అలాంటి ఫోటో ఒకటి చూపిస్తే, "ఏంటండీ బాబూ, చేను ఎండిపోయినట్టు పడిందే!" అన్నారు. ఆయన అన్నది సబబే. అక్కడ అందమంతా రంగులోనే ఉంది.

అయితే పాతకాలం ఫోటోలా కనిపించాలనే కదా ఇదంతా?

కాదు. ఫోటో మీద కావాలని గీతలు, దుమ్ము చుక్కలు, గోధుమరంగు మరకలు వేసే యాప్‌లంటే నాకు అస్సలు గిట్టదు. నిన్న పొద్దున తీసిన ఫోటో నిన్న పొద్దుటిలాగే ఉండాలి. మన తాతల కాలంలో ఫోటోలు నలుపు తెలుపులో ఉన్నది అప్పుడు దొరికింది అదే కాబట్టి. ఇప్పుడు రెండూ చేతిలో ఉండగా దీన్ని ఎంచుకుంటున్నామంటే, కారణం ఆ ఫోటోలోనే కనబడాలి.

నేను నల్లగా ఉంటాను. బ్లాక్ అండ్ వైట్‌లో ఇంకా నల్లగా పడతానేమో?

ఈ ప్రశ్న చాలామంది నవ్వుతూ అడుగుతారు. నవ్వు వెనక భయం నిజమైనదే. దానికి ఒక చరిత్ర ఉంది, వివరంగా చెప్పాలి.

ఫోటోగ్రఫీ మొదలైన కాలంలో ప్లేట్లు నీలం వెలుగుని మాత్రమే బాగా పట్టేవి. తర్వాత వచ్చిన ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకి ఆకుపచ్చ కూడా తెలిసేది, ఎరుపు మాత్రం తెలీదు. మన చర్మం ఏ ఛాయలో ఉన్నా అందులో ఎరుపు, నారింజ పాళ్ళే ఎక్కువ. ఆ ఎరుపుని చూడలేని ఫిల్ము మీద చామనఛాయ మనిషి ఉన్నదానికన్నా నల్లగా పడేవాడు. మీ ముత్తమ్మమ్మ ఫోటో ఉంటే తీసి చూడండి. కుంకుమ బొట్టు కాటుకంత నల్లగా ఉంటుంది, తాంబూలం వేసుకున్న పెదవులూ అంతే. ఆకాశమేమో మబ్బూ లేదు ఏమీ లేదు, తెల్లగా ఖాళీగా ఉంటుంది. తప్పు మనిషిది కాదు, ఆ ప్లేటుది. అందుకే స్టూడియోల్లో ముఖానికి పౌడరు దట్టంగా అద్దేవాళ్ళు. నెగటివ్ మీద సన్నటి పెన్సిలుతో టచింగ్ చేసేవాళ్ళు. నెగటివ్ మీద పెన్సిలు పడ్డ చోటు ప్రింటులో తెల్లబడుతుంది. అలా మొటిమలూ ముడతలే కాదు, మనిషి ఛాయ కూడా మారిపోయేది. తెల్లగా చూపిస్తేనే మంచి స్టూడియో అన్న పేరు వచ్చేసింది. ఆ అలవాటు ఇప్పుడు ఫోన్ బ్యూటీ మోడ్‌లోకి వచ్చి కూర్చుంది.

అన్ని రంగులనీ చూడగలిగే పాన్‌క్రొమాటిక్ ఫిల్ము వచ్చాక ఆ ఇబ్బంది చాలావరకు తీరింది. డిజిటల్‌లో అసలు లేనేలేదు. ఇక మిగిలింది వెలుగుని ఎలా వాడుకుంటామన్నదే.

నల్లటి చర్మానికి ఎదురుగా ఫ్లాష్ కొడితే నుదురు, ముక్కు జిడ్డుగా మెరిసి మిగతాదంతా చచ్చుబడిపోతుంది. పెద్ద మెత్తటి వెలుగు పక్కనుంచి రావాలి. మన పల్లెల్లో దానికి మండువా ఇంటిని మించిన చోటు లేదు. పొద్దున తొమ్మిది, పది గంటలకి మండువాలోకి ఎండ నేరుగా దిగకముందు, పైన ఆకాశం ముక్క నుంచి వచ్చే వెలుగు నాలుగు వసారాల్లోకీ సర్దుకుంటుంది. మనిషిని వసారా అంచున, స్తంభం పక్కన పీట మీద కూర్చోబెట్టండి. ముఖం మండువా వైపు తిప్పి, మీరు పక్కనుంచి తీయండి. దగ్గరి చెంప ఎముక మీద సన్నటి మెరుపు వస్తుంది, అక్కడ్నుంచి దవడ దాకా వెలుగు మెల్లగా తగ్గుతూ పోతుంది, మెడ దగ్గర నీడ. కళ్ళల్లో మండువా చతురం చిన్నగా కనబడుతుంది. వెనక గదిలో చీకటి ఉంటుంది కాబట్టి వేరే పరదా అక్కర్లేదు. అలా తీసిన ముఖంలో ఎండలో పనిచేసిన ఏళ్ళన్నీ తెలుస్తాయి. దాన్ని తెల్లబరచాలని ఎవరికి అనిపిస్తుంది?

మండువా ఇల్లు లేకపోతే ఉత్తరం వైపు కిటికీ చాలు. షామియానా అంచు కూడా పనికొస్తుంది, గుడ్డ తెల్లదైతే.

రంగులో తీసి ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ చేసేస్తే సరిపోదా?

సరిపోతుంది. డిజిటల్‌లో అసలు అలాగే చేయాలి. ముందే మోనో (నలుపు తెలుపు) మోడ్ పెట్టి జేపెగ్‌లో తీస్తే రంగుల సమాచారం పోతుంది, తర్వాత దిద్దుకోవడానికి ఏమీ మిగలదు. కెమెరాలో గానీ ఫోన్‌లో గానీ రా ఫైలు (సెన్సారు పట్టిన సమాచారాన్నంతా దాచే ఫైలు) ఉంటే అది ఆన్ చేసి, స్క్రీన్ మాత్రం మోనోలో పెట్టుకోండి. కంటికి నలుపు తెలుపు కనిపిస్తుంది, లోపల రంగులు భద్రంగా ఉంటాయి.

చిక్కు ఎక్కడంటే, ఒక్క నొక్కుతో రంగు తీసేసే ఫిల్టర్ దగ్గర. మామూలుగా వాడే లెక్కలో ఆకుపచ్చకి సుమారు 59 శాతం, ఎరుపుకి 30, నీలానికి 11 విలువ ఇస్తారు, మన కన్ను ఆకుపచ్చకి ఎక్కువ స్పందిస్తుంది గనక. ఆ లెక్కలో పచ్చటి చేను, ఎర్రటి చీర, మట్టిరోడ్డు ఒక్కోసారి ఒకే బూడిదరంగులోకి వచ్చేస్తాయి. చేలో ఊడుపు ఊడుస్తున్న ఆడవాళ్ళు కట్టుకున్న రంగురంగుల చీరలన్నీ చేనులో కలిసిపోతాయి.

దాన్ని విడదీయడానికి ఒక్కో రంగుకీ ఒక్కో స్లయిడర్ ఉండే యాప్ వాడండి. నీలం తగ్గిస్తే ఆకాశం నల్లబడి మబ్బులు తేలతాయి. ఎరుపు, నారింజ పెంచితే ముఖాలు తేటపడతాయి. వరిచేనుకి ఆకుపచ్చకన్నా పసుపు స్లయిడర్ ఎక్కువ పనిచేస్తుంది, లేత చేలో పసుపు పాలు అంత ఉంటుంది. ఫిల్ము రోజుల్లో ఇదే పని లెన్సు ముందు బిగించే గాజు ఫిల్టర్లు చేసేవి. పసుపు ఫిల్టర్ పెడితే ఆకాశం కాస్త ముదురుతుంది, ఎరుపు పెడితే దాదాపు నల్లబడుతుంది, ఆకుపచ్చ పెడితే ఆకులు తేటపడతాయి. కానీ ఆకుపచ్చ ఫిల్టరుతో మన ముఖాలు తీయకూడదు, నల్లబడతాయి.

నలుపు తెలుపు మాత్రమే తీసే డిజిటల్ కెమెరాలూ ఉన్నాయి. లైకా 2012లో తెచ్చింది, పెంటాక్స్ 2023లో. మామూలు సెన్సారులో ప్రతి చుక్క ముందూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం గాజుల్లో ఏదో ఒకటి ఉంటుంది. వీటిలో ఆ గాజులుండవు కాబట్టి వచ్చిన వెలుగంతా వాడుకుంటాయి. బాగుంటాయి, కానీ ధర చూస్తే గుండె ఆగుతుంది. నేర్చుకోవడానికి ఫోను చాలు.

మన ప్రాంతంలో ఏ నెలలు బాగుంటాయి?

నా మటుకు ధనుర్మాసం, దాళ్వా (రెండో పంట) ఊడుపుల కాలం. తెల్లారగట్ల కాలవ మీద, చేల మీద మంచు పట్టి ఉంటుంది. దగ్గరి కొబ్బరిచెట్టు నల్లగా, దాని వెనకది బూడిదగా, ఆ వెనకది కనబడీ కనబడనట్టుగా ఉంటుంది. మనది బల్లపరుపు నేల, కొండలు లేవు. ఎంత దూరమో చూపించేది ఆ మంచే. దమ్ము చేసిన చేలో నీళ్ళు నిలిచి ఉంటాయి కాబట్టి ఆకాశం కిందా పైనా ఉంటుంది, నారు మోసుకెళ్ళే మనిషి రెండిటి మధ్యలో నడుస్తాడు. ఎనిమిదింటికల్లా మంచు విడిపోతుంది, ఈలోపే పని కానివ్వాలి.

వర్షాకాలంలో మబ్బు వెలుగు ముఖాలకి మంచిది. తుపాను ముందు ఆకాశం ఫోటోకి గొప్పగా ఉంటుంది గానీ, ఉప్పాడ రోడ్డు మీద అలలు దాటుతున్నప్పుడు ఫోటో కోసం నిలబడకండి.

వేసవిలో కాలవలు కట్టేశాక అడుగు బయటపడుతుంది. బురద ఎండి పగుళ్ళిస్తుంది, ఒరిగిన పడవలు, గట్టు మీద బయటపడ్డ వేళ్ళు. ఎవరూ ఫోటో తీయని కాలం అది. పక్కవాటు ఎండలో ఆ పగుళ్ళు ఎంత లోతుగా కనిపిస్తాయో ఒకసారి చూడండి. కోరింగ మడ అడవుల్లోనూ అంతే, పోటు తీసినప్పుడు బురదలోంచి పైకి లేచిన వేళ్ళ కోసమే వెళ్ళాలి.

తెల్ల కొంగలు బూడిదగా, గేదెలు కూడా బూడిదగా వస్తున్నాయి. కెమెరాలో లోపమా?

లోపం కాదు. వెలుగు కొలిచే మీటరు ఏం చూసినా అది మధ్యరకం బూడిదరంగు అనే అనుకుంటుంది. ఫ్రేము నిండా తెల్లటి వస్తువుంటే "వెలుగు ఎక్కువైంది" అని తగ్గించేస్తుంది. నల్లటిదుంటే పెంచేస్తుంది.

నరసాపురం వైపు ఆడవాళ్ళు అల్లే లేసు తీస్తే ఈ సంగతి బాగా అర్థమవుతుంది. తెల్ల దారం, తెల్ల వెలుగు. మీటరు చెప్పినట్టు తీస్తే లేసు మాసిపోయినట్టు వస్తుంది. ఒక స్టాపు పెంచండి, అంటే వెలుగుని రెట్టింపు చేయండి. ఫోన్‌లో అయితే లేసు మీద వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి బొమ్మని కొంచెం పైకి లాగండి. మరీ పెంచితే దారం పురులు కనబడవు, తెల్లటి మచ్చ మిగులుతుంది. అల్లుతున్నవారి ఒళ్ళో ముదురు చీర ఉంటే లేసులోని ప్రతి కన్నం వెనక ఆ నలుపు కనబడి అల్లిక చదువుకునేలా వస్తుంది. క్రోషా సూది పట్టుకున్న వేలి మీద దారం ఒరిసి పడిన గాడి ఉంటుంది, దాని మీద ఫోకస్ పెట్టండి. గేదెలకి దీనికి తలకిందులుగా చేయాలి, ఒక స్టాపు తగ్గించాలి.

ఇంకా లోతుగా తెలుసుకోవాలనుకుంటే జోన్ సిస్టమ్ గురించి చదవండి. 1940 ప్రాంతంలో అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ తయారుచేసిన పద్ధతి. కటిక నలుపు నుంచి కాగితం తెలుపు దాకా 0 నుంచి 10 వరకు మెట్లు కట్టి, ఏ వస్తువు ఏ మెట్టు మీద ఉండాలో తీయకముందే నిర్ణయించుకోవడం. ఎండలో తెల్లపంచె కట్టుకున్న నల్లటి మనిషిని తీయాలంటే ఇది తెలిసినవాడికి టెన్షన్ ఉండదు.

ప్రభల తీర్థం, జాతరలు కూడా ఇలాగే తీయాలా?

వద్దు. కనుమనాడు జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ళ ఏకాదశ రుద్రుల ప్రభలు కొలువు తీరితే, ఆ రంగుల గుడ్డలూ పూలూ రంగులోనే ఉండాలి. ఆ కట్టినవాళ్ళ కష్టమంతా రంగుల్లోనే ఉంది, మనం తీసేయకూడదు. ప్రభని భుజాన వేసుకుని కౌశిక ఏరు దాటేటప్పుడు మాత్రం సంగతి వేరు. నడుముల్లోతు నీళ్ళు, తడిసిన వీపులు, బరువుకి బిగిసిన మెడనరాలు. నేను అక్కడ మాత్రం రంగు వదిలేస్తాను.

పెళ్ళికి బ్లాక్ అండ్ వైట్ తీయిద్దామంటే మా పెద్దవాళ్ళు ఒప్పుకోవట్లేదు.

వాళ్ళ మాట కొట్టిపారేయకండి. శుభకార్యంలో నలుపు ఏమిటన్నది ఒకటి. రెండోది, చాలా ఇళ్ళల్లో గోడ మీదున్న నలుపు తెలుపు ఫోటో అంటే దండ వేసిన ఫోటోనే. పెళ్ళికూతుర్ని అలా చూస్తే వాళ్ళకి మనసు ఒప్పదు. పసుపు, కుంకుమ, తలంబ్రాలు, మధుపర్కాల అంచు, ఇవన్నీ రంగుతో అర్థం చెప్పేవి. వాటిని రంగులోనే ఉంచండి.

అప్పగింతలప్పుడు తల్లి ముఖం, విడిదింట్లో కిటికీ దగ్గర ఒంటరిగా కూర్చున్న పెళ్ళికొడుకు, వంటశాలలో గాడిపొయ్యి పొగ మధ్య గరిటె తిప్పుతున్న వంటాయన, ఇలాంటివి నలుపు తెలుపులో తీసి చిన్న ఆల్బమ్ విడిగా ఇస్తే ఎవరూ కాదనరు. మొదట్లో వద్దన్న మామ్మగారే తర్వాత ఆ చిన్న ఆల్బమ్ అడిగి తెప్పించుకోవడం చూశాను.

ఫిల్ము ఇప్పటికీ దొరుకుతుందా? ఇంట్లో కడగొచ్చా?

దొరుకుతుంది. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 1960లో పెట్టిన ప్రభుత్వ కంపెనీ. ఇందు పేరుతో వాళ్ళ ఫిల్ము, పేపరు మన స్టూడియోలకి వచ్చేవి. అది మూతపడింది. ఇప్పుడు ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్, కోడక్ ట్రై-ఎక్స్ లాంటివి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. 35 ఎంఎం రోలుకి 36 ఫోటోలు, 120 రోలు అయితే చతురం కెమెరాలో 12. వచ్చిన రోలుని డబ్బాతో సహా ఫ్రిజ్‌లో పెట్టండి. వాడబోయే ముందు బయటపెట్టి, చల్లదనం పూర్తిగా పోయాకే మూత తీయండి. మన గాలిలో తేమకి చల్లటి ఫిల్ము మీద వెంటనే చెమ్మ పడుతుంది.

కడగడం ఇంట్లోనే చేయొచ్చు. రోలుని ట్యాంకులోకి ఎక్కించేటప్పుడు మాత్రమే కటిక చీకటి కావాలి. దానికి నల్లగుడ్డ సంచి దొరుకుతుంది. మిగతాదంతా వంటింటి గట్టు మీద చేసుకోవచ్చు. బొమ్మని పైకి తెచ్చే డెవలపర్, తర్వాత దాని పని ఆపే స్టాప్ బాత్, తర్వాత బొమ్మని నిలబెట్టే హైపో, ఆ తర్వాత నీళ్ళతో కడుగుడు.

అసలు చిక్కు మన ఎండలతో. ఫిల్ము కంపెనీలు ఇచ్చే టైములు 20 డిగ్రీల దగ్గర. ఐడీ-11 డెవలపర్ నీళ్ళు కలపకుండా వాడితే హెచ్‌పీ5 ప్లస్‌కి ఏడున్నర నిమిషాలు. మే నెలలో మన ట్యాంకు నీళ్ళు 30 దాటి ఉంటాయి. ఆ వేడికి డెవలపర్ తొందరపడుతుంది. టైము 5 నిమిషాల కిందికి వస్తే ఫిల్ము అంతటా ఒకేలా రాదు. పైగా ఫిల్ము మీది జిలటిన్ మెత్తబడి గోరు తగిలినా గీత పడుతుంది. పెద్ద బేసిన్‌లో నీళ్ళు పోసి, ఐసు ముక్కలు కట్టిన ప్లాస్టిక్ కవరు వేసి, అందులో అన్ని సీసాలూ ట్యాంకూ నిలబెట్టండి. డెవలపర్ ఒక్కటే చల్లబరచి హైపో వేడిగా ఉంచడం మంచిది కాదు, అన్నీ ఒకే చల్లదనంలో ఉండాలి. థర్మామీటరు లేకుండా మొదలుపెట్టొద్దు.

తీరం దగ్గరి ఊళ్ళల్లో బోరు నీళ్ళు ఉప్పన. వాటితో కడిగి ఆరబెడితే నెగటివ్ మీద తెల్లటి చారలు మిగులుతాయి. మందులు కలపడానికీ ఆఖరి కడుగుడుకీ వాటర్ టిన్ను నీళ్ళు వాడండి. కడుగుడుకి ధారగా నీళ్ళు వదలక్కర్లేదు. ట్యాంకు నింపి 5 సార్లు తిప్పి పారబోయండి, మళ్ళీ నింపి 10 సార్లు, మళ్ళీ నింపి 20 సార్లు. సరిపోతుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. వాడేసిన హైపోలో ఫిల్ము నుంచి దిగిన వెండి ఉంటుంది. అది చేపలకి విషం. కాలవలోనో, రొయ్యల చెరువు పక్క బోదెలోనో పోయకండి. క్యానులో దాచి, వెండి తీసేవాళ్ళకి ఇవ్వండి.

మా తాతగారి ఫోటో చెక్కుచెదరలేదు, అమ్మానాన్నల కలర్ ఫోటో ఎర్రబడిపోయింది. ఎందుకు?

తాతగారి ఫోటోలో నలుపు అంటే జిలటిన్‌లో నిలిచిపోయిన వెండి. 1970, 80ల నాటి కలర్ ప్రింట్లలో ఉన్నవి రంగు అద్దకాలు. వాటిలో నీలిఛాయ రంగు పెట్టెలో చీకట్లో ఉన్నా వెలిసిపోతుంది, అది పోతే మిగిలేది ఎరుపు. వెండి ఫోటో కూడా చిరంజీవి ఏమీ కాదు. హైపో సరిగా కడగకపోతే పసుపు మరకలు వస్తాయి. తేమ తగిలితే నల్లటి చోట్ల అద్దంలా నీలి మెరుపు తేలుతుంది. అలాంటిదాన్ని తుడవకండి.

దాచడం గురించి: జిగురు పేజీల ఆల్బమ్‌లలోంచి, మెత్తటి ప్లాస్టిక్ కవర్లలోంచి తీసి కాగితం కవర్లలోకి మార్చండి. బీరువాలో పెట్టొచ్చు, కలరా ఉండలు మాత్రం ఆ అరలో వద్దు. నేలమట్టంలో ఉన్న ట్రంకుపెట్టెలో అస్సలు వద్దు. 1986 ఆగస్టు వరదకీ, 1996 నవంబరు 6 తుపానుకీ లంకల్లోనూ తీరం ఊళ్ళల్లోనూ ఉన్నదంతా కొట్టుకుపోయి పెళ్ళి ఫోటో ఒక్కటైనా లేని కుటుంబాలు ఇప్పటికీ కనబడతాయి. వాన మొదలయ్యే ముందు పట్టా పుస్తకం పైకి చేర్చినట్టే నెగటివ్‌ల డబ్బా కూడా అటక మీదికి చేర్చండి.

వరద నీళ్ళల్లో తడిసిన ఫోటోలు బతుకుతాయా?

చాలావరకు బతుకుతాయి, రెండు రోజుల్లోపు చేతిలోకి తీసుకుంటే. ఆ తర్వాత బూజు మొదలవుతుంది.

ఒకదానికొకటి అంటుకున్న ఫోటోలని ఆరనివ్వొద్దు, ఆరితే ఇక విడిపోవు. శుభ్రమైన చల్లటి నీళ్ళల్లో ఉంచి, వాటంతట అవి వదులయ్యేదాకా ఆగి, ఒక్కొక్కటే విడదీయండి. బొమ్మ వైపు వేలు, గుడ్డ తగలకూడదు. బురద ఉంటే నీళ్ళల్లోనే అటూ ఇటూ కదిలించి వదిలించాలి. తర్వాత బొమ్మ పైకి ఉండేలా తెల్లకాగితం మీదో నూలుగుడ్డ మీదో పరిచి నీడలో ఫ్యాను కింద ఆరబెట్టండి. ఎండలో పెడితే చుట్టుకుపోతాయి. ఒకేసారి అన్నీ చూడలేకపోతే మధ్యలో మైనపు కాగితం పెట్టి, కవర్లో మూసి డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, కరెంటు నిలకడగా ఉంటే, నెమ్మదిగా పని చేసుకోవచ్చు. పాత స్టూడియో గాజు ప్లేట్లని మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకూడదు.

ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫోటోని లాగకండి. లాగితే ముఖం అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో సహా స్కాన్ చేయించండి. పోస్టుకార్డు సైజు ప్రింటుకి 600 డీపీఐ, నెగటివ్ అయితే 2400 తక్కువ కాకుండా.

పాత ఫోటోకి ఏఐతో రంగులు వేయించవచ్చా?

వేయించుకోండి, కాపీకి. ఆ చీర రంగు ఊహించి వేసిందని వెనక రాసిపెట్టండి. లేకపోతే మీ మనవలు నిజమనుకుంటారు. అసలు ఫోటోనీ స్కాన్‌నీ ముట్టుకోవద్దు.

నేర్చుకోవడానికి ఎవరి ఫోటోలు చూడాలి?

హైదరాబాదులో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరుగా పనిచేసిన రాజా దీన్‌దయాళ్, 1943 బెంగాల్ కరువుని లోకానికి చూపించిన సునీల్ జానా, మనదేశంలో తొలి మహిళా ఫోటో జర్నలిస్టు హోమాయ్ వ్యారావాలా, రఘు రాయ్. వీళ్ళవి చిన్న స్క్రీన్ మీద కాదు, కుదిరితే ప్రింట్లు చూడండి. మన పాత విజయా వారి సినిమాల్లో కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ పట్టిన వెన్నెల చూడండి, మాటలు ఆపేసి. వెలుగు ఎటునుంచి వస్తోంది, నీడ ఎక్కడ ఆగింది అని మాత్రం గమనించండి. రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు గ్యాలరీ ఉంది. ఆయన చిత్రకారుడు, 1897లో పుట్టి 28 ఏళ్ళు నిండకముందే పోయారు. ఫోటోలు కావుగా అని వదిలేయకండి. మనిషి ఒంటి వంపుని గీతతో ఎలా పట్టుకున్నారో చూస్తే కెమెరా పట్టుకునే చెయ్యి మారుతుంది.

ల్యాబులో ప్రింటు వేయిస్తే ఆకుపచ్చగానో ఊదాగానో వస్తోంది.

కలర్ పేపరు మీద నలుపు తెలుపు వేస్తే అలా రంగు అంటుకోవడం మామూలే. ముందు చిన్న ముక్క వేయించి, పగటి వెలుగులో చూసి అప్పుడు పెద్దది చెప్పండి. బూడిదరంగు ఇంకులు విడిగా ఉన్న ఇంక్‌జెట్ ప్రింటరుంటే ఇంకా మంచిది. మెరుపు లేని కాగితం అడగండి. ఫ్లెక్సీ మీద మాత్రం వేయించకండి.

2027 పుష్కరాల్లో తీయాలనుంది. ఏం చూసుకోవాలి?

జనం, నీళ్ళు, మబ్బు పట్టిన ఆకాశం. కెమెరాని చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి లెన్సు మాత్రం బయటికి ఉంచండి. తడిసిన మెట్ల మీద వెలుగు మెరుస్తుంది కాబట్టి మీటరు మోసపోతుంది, ముఖాల మీద కొలవండి. పెద్ద ఘాట్లలో నిలబడే చోటు దొరకదు. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ పాయల పక్కన చిన్న రేవులు ఎన్నో ఉన్నాయి, అక్కడ మనుషుల్ని తీరిగ్గా చూడొచ్చు.

స్నానం చేస్తున్న ఆడవాళ్ళని తీయకండి. పిండప్రదానం చేస్తున్నవారిని తీయాలంటే ముందు అడగండి. "వద్దండి" అంటే కెమెరా దించేసి నమస్కారం పెట్టి పక్కకి రండి. ఒప్పుకుంటే ఎడ్రసు రాసుకుని ప్రింటు పంపండి, ఫోన్‌లో ఫైలు కాదు.